మా ఊరి మురుగు ప్లాంట్ నడుస్తున్నట్టా ఆగినట్టా? ఆ నీళ్ళు కొల్లేరుకే పోతున్నాయి, తెలిసినవాళ్ళు చెప్పండి

కొల్లేటి గట్టు (ఆదివారం రాత్రి)

అందరికీ నమస్కారమండి. మాది కొల్లేరు పక్కన ఒక చిన్న మున్సిపాలిటీ, ఊరి పేరు రాయను, అక్కడ పనిచేసేవాళ్ళ పిల్లలే నా దగ్గర చదువుకుంటున్నారు. హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఊరి చివర మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంట్ కట్టారు కదా అని మొన్న శనివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని చూపిద్దామని తీసుకెళ్ళాను. పెద్ద ట్యాంకులో నీళ్ళు కదలట్లేదు, పైన నల్లటి తెట్టు కట్టింది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన, ఇద్దరు పిల్లలు వాంతి చేసుకున్నారు. గాలి కొట్టే మోటార్లు ఆగి ఉన్నాయి. అక్కడున్న కుర్రాడు మంచివాడే పాపం, "సార్, కరెంటు బిల్లు ఎక్కువొస్తందని పొద్దున రెండు గంటలే వెయ్యమన్నారు" అన్నాడు.

తిరిగొస్తుంటే ఒక పాప అడిగింది, మరి ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి సార్ అని. ప్లాంట్ వెనక డ్రెయిన్, డ్రెయిన్ నుంచి కొల్లేరు, కొల్లేరు నుంచి ఉప్పుటేరు, అక్కణ్ణుంచి సముద్రం అని చెప్పాను. చెప్తుంటే నాకే మనసు చివుక్కుమంది, ఎందుకంటే ఆ పాప వాళ్ళది డ్రెయిన్ పక్క లంక ఊరే, వాళ్ళ గేదెలు తాగేది అందులోనే.

నాకు ఈ ప్లాంట్ల గురించి పుస్తకంలో ఉన్నంతే తెలుసు. రోజుకి రెండు గంటలు మోటార్ వేస్తే ఏమన్నా ఉపయోగం ఉంటుందా? మనలాంటి మామూలు మనిషి అది బతికుందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఎవరిని అడగాలి?

బ్లోయర్ రూమ్ (ఆదివారం రాత్రి)

మాస్టారూ, నేను వేరే జిల్లాలో ఇలాంటి ప్లాంట్లోనే 14 ఏళ్ళుగా షిఫ్ట్ ఆపరేటర్ని. మీరు రాసింది చదువుతుంటే ఆ వాసన నాకిక్కడే తెలుస్తోంది.

మేము ప్లాంట్లో నీళ్ళు కడుగుతామని జనం అనుకుంటారు గానీ మేము చేసేది పశువుల్ని మేపినట్టు బ్యాక్టీరియాని మేపడం. మురుగులో ఉన్న మలినం వాటికి మేత, గాలి మేం కొట్టాలి. గాలి ఉన్నంతసేపు అవి మలినాన్ని తిని ముద్దలు ముద్దలుగా కట్టి అడుక్కి దిగుతాయి, పైన తేట నీళ్ళు మిగుల్తాయి, అంతే ఈ విద్య. ట్యాంకులో కరిగిన ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాములన్నా ఉండేలా చూస్తాం. గాలి ఆపితే ఆ మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి గాలి అక్కర్లేని రకం పుట్టుకొస్తుంది, మీకొచ్చిన కోడిగుడ్డు వాసన అదే, హైడ్రోజన్ సల్ఫైడ్. 22 గంటలు ఆపి 2 గంటలు వేస్తే ఆ కరెంటు ఖర్చు కూడా దండగే అండి. ఊపిరి ఆడని మనిషికి పూటకొకసారి విసనకర్ర ఊపినట్టు.

మీరు చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది. స్కూల్లో లీటరు కొలజాడీ ఉంటుందిగా, గాలి కొట్టే ట్యాంకు నీళ్ళు దాన్నిండా పట్టించి కదపకుండా 30 నిమిషాలు ఉంచండి. చాక్లెట్ రంగు బురద 200, 300 మిల్లీలీటర్ల దగ్గర నిలిచి పైన నీళ్ళు తేటగా ఉంటే ప్లాంట్ బతికున్నట్టు, వాసన కూడా తొలకరికి తడిసిన మట్టిలా ఉంటుంది. అరగంటైనా నల్లగా కలగాపులగంగా ఉంటే చచ్చిపోయినట్టే. మేం రోజూ పొద్దున వచ్చీరాగానే చేసే మొదటి పని ఇదే. ఒక్క మాట, మీరు గానీ పిల్లలు గానీ ట్యాంకు అంచుకి వెళ్ళొద్దు, ఆ కుర్రాణ్ణి బకెట్‌తో తోడిమ్మనండి. గాలి కొట్టే ట్యాంకులో పడితే ఈత వచ్చినవాడికి కూడా తేలడం కష్టం.

ఉప్పుటేరు రైతు (సోమవారం పొద్దున)

నాకు 6 ఎకరాల చేపల చెరువు ఉంది, అదే డ్రెయిన్ మీద, మీ ఊరికి కిందికి. ఏప్రిల్ మే నెలల్లో పంట కాలవలు కట్టేశాక మాకు ఆ డ్రెయిన్ నీళ్ళే గతి, అప్పుడు డ్రెయిన్లో వాన నీరు లేదు కాలవ నీరు లేదు, వచ్చేదల్లా ఊళ్ళ మురుగే. తెల్లారుజామున నాలుగింటికి చేప పైకొచ్చి నోరు తెరుస్తుంటే నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లేసి ఇంటిల్లిపాదీ గట్టు మీద కూర్చున్న రోజులున్నాయి. రాత్రి ఆక్సిజన్ పడిపోవడం ఒక గండం, మధ్యాహ్నం ఇంకో గండం. ఎండకి నాచు పెరిగి పీహెచ్ పైకి పోద్ది, పీహెచ్ పెరిగితే నీళ్ళలో ఉన్న అమ్మోనియా విషంగా మారుద్ది. మురుగులో వచ్చేది అమ్మోనియానే కదా.

అయితే మాస్టారు గారూ ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి, పట్టుబడి అయ్యాక, అంటే చేప పట్టేశాక, మా చెరువుల అడుగు నీళ్ళు కూడా మేం అదే డ్రెయిన్లోకే వదుల్తాం. మేత మిగులు, చేప రెట్ట, మందులు అన్నీ అందులోనే. కొల్లేరు పాడవడంలో ఊరి వాటా ఉంది, మా వాటా ఉంది. 2006లో సరస్సుని కాపాడాలని ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువులు కొట్టేసినప్పుడు మా నాన్న ఏడ్చాడు, ఆయన బాధ నిజమే, సరస్సు పూడిపోయిందన్న మాటా నిజమే. రెండూ చూసినోణ్ణి నేను.

ల్యాబ్ బెంచ్ (సోమవారం మధ్యాహ్నం)

నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. సార్, మీరు అడగాల్సింది బీఓడీ అంకె. నీళ్ళలో మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ లాక్కుంటాయో అదే బీఓడీ, మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి కొలుస్తాం. కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబర్‌లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పెద్ద నగరాలు కాని ఊళ్ళకి బయటికొదిలే నీళ్ళలో బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు దాటకూడదు, మలంతో వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకి 1000 లోపుండాలి. 2019 ఏప్రిల్‌లో హరిత ట్రైబ్యునల్ అది చాలదని బీఓడీ 10కి దించమంది, నైట్రోజన్‌కి 10, ఫాస్ఫరస్‌కి 1 అని కూడా పెట్టింది. కొల్లేరు లాంటి నిలవ నీటికి నా దృష్టిలో ఈ చివరి రెండే ముఖ్యం, గుర్రపుడెక్కకి ఎరువు అవే.

ఇంకోటి, మాకొచ్చే శాంపిల్ సీసాల్లో చాలావరకు మోటార్లు తిరుగుతున్న గంటలో పట్టినవే ఉంటాయి. నేను ఆ సీసాలో ఉన్నదాన్నే కొలవగలను, మిగతా 22 గంటల్ని కొలవలేను. అందుకని 24 గంటలూ కొంచెం కొంచెంగా పట్టి కలిపిన శాంపిల్ ఫలితం ఇమ్మని అడగండి, ఐసులో పెట్టి తెచ్చారో లేదో కూడా అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నెలవారీ ఫలితాలు, కరెంటు మీటర్ రీడింగులు రెండూ కలిపి అడగండి. మీటర్ రీడింగ్ అబద్ధం చెప్పదు.

మీ ఊరొక్కటే అనుకోకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 లెక్కలో దేశంలోని పట్టణాల మురుగు రోజుకి 72,368 మిలియన్ లీటర్లు, కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841, నిజంగా శుద్ధి అయ్యింది 20,236. కట్టినవాటికీ నడిచేవాటికీ మధ్య ఉన్న ఆ తేడాయే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. డబ్బు పెట్టేశాం, కాంక్రీటు పోసేశాం, గాలి మాత్రం కొట్టం.

ఓరుగల్లు బిడ్డ (సోమవారం రాత్రి)

సార్ నమస్తే, మాది వరంగల్ దిక్కు. మీరందరు ప్లాంట్ గురించే మాట్లాడుతున్నరు గని అసలు ఇండ్లల్లకెళ్ళి మురుగు ప్లాంట్ దాంక వస్తున్నదా అది చూసిన్రా? చిన్న ఊర్లల్ల భూగర్భ డ్రైనేజీ ఎక్కడున్నది? ఇంటింటికి సెప్టిక్ ట్యాంక్, దాని పైపు తీస్కపోయి సైడు కాలువల కలుపుతరు, ఇంకుడు గుంత తవ్వరు. ఆ ట్యాంకు రెండు మూడేండ్లకోసారి తీపియ్యాలె, మా ఇంటి పక్కన వాళ్ళది కట్టినకాంచి తియ్యలేదు, 20 ఏండ్లయితుంది. తీసినా ఆ ట్యాంకరోడు తీస్కపోయి చెరువుల పోస్తడు.

మా వరంగల్‌ల సెప్టిక్ ట్యాంకుల మలం కోసమే వేరే ప్లాంట్ పెట్టిన్రు, కర్ణాటకల బెంగళూరు పక్కన దేవనహళ్ళిల 2015ల అసుంటిదే చిన్న ఊరి కోసం కట్టిన్రు, అండ్ల పెద్ద మోటార్లు గూడ లేవు, పల్లం మీదనే నడుస్తది. మీ గోదావరి జిల్లాల నరసాపురంల గూడ ఉన్నది, పొయ్యి చూడున్రి దగ్గరనే. నా మాట ఏందంటే మీ ఊర్ల ఇంటింటికి పైపు లేకపోతే గంత పెద్ద ప్లాంట్‌కు వచ్చేది సైడు కాలువ నీళ్ళే, అండ్ల వాన నీళ్ళు, ఇసుక, కవర్లు. బ్యాక్టీరియాకు తినెతందుకు గూడ సరిగ్గ దొరకదు.

బ్లోయర్ రూమ్ (సోమవారం రాత్రి)

తమ్ముడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, నేనే ముందు చెప్పాల్సింది. లెక్క చూడండి మాస్టారూ, 50 వేల జనాభా ఉన్న ఊరికి మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్ళు ఇస్తారని, అందులో 80 శాతం మురుగవుతుందని ప్లాంట్ గీస్తారు, అంటే రోజుకి 54 లక్షల లీటర్లు. ఆ 135 కాగితం మీదే, మన ఊళ్ళలో కుళాయి పూటకో గంట వస్తుంది. ప్లాంట్ పెద్దదైపోయి వచ్చే మురుగు తక్కువైతే ఊరికే కరెంటు తింటది. అప్పుడు బిల్లు చూసి భయపడి మోటార్ కట్టేస్తారు. మీ దగ్గర జరిగింది ఇదే అయ్యుంటుంది, అందులో ఆ కుర్రాడి తప్పేం లేదు.

రాత్రి బండి (మంగళవారం)

ట్యాంకరోడు చెరువులో పోస్తాడు అన్నారు కదా, మా నాన్న ఆ బండే తోలతాడు. అందుకే రాస్తున్నా, కోపంతో కాదు.

ఎక్కడ పొయ్యాలో ఎవరూ చెప్పరండి. ఇల్లుగలాయన ఫోన్ చేసి రాత్రి రమ్మంటాడు, పగలైతే వాసనని. బండి నింపాక బయటికెళ్తే ఒక ఊరివాళ్ళు తరుముతారు, ఇంకో ఊరివాళ్ళు టైరు గాలి తీసేస్తారు. పోసే చోటు ఒకటి చూపించి రసీదు ఇవ్వండి, డీజిల్ డబ్బులు ఇవ్వండి, ఎంత దూరమైనా అక్కడే పోస్తాం. అడుగున గట్టిపడిపోయి పైపుకి రానప్పుడు లోపలికి దిగమంటారు. మా బాబాయి అలాగే దిగాడు, పైకి రాలేదు. ఆయన కోసం దిగిన ఇంకొకాయన్ని తాళ్ళేసి లాగితే బతికాడు. మాస్టారు గారు ట్యాంకు దగ్గర వాసన అన్నారే, అదే గాలి, ఎక్కువుంటే వాసన కూడా తెలీదు, రెండు ఊపిర్లకే మనిషి కూలిపోతాడు.

మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం మనిషిని అలా దింపడమే నేరం. చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మాకు ఇవన్నీ తర్వాత తెలిశాయి. కోలారు గనుల్లో తెలుగు ఇంట్లో పుట్టిన బెజవాడ విల్సన్ గారు దీనికోసమే జీవితమంతా తిరుగుతున్నారు, 2016లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మా వీధిలో స్వీట్లు పంచాం. మీ ఇంటి ట్యాంక్ గట్టిపడకముందే తీయించండి. దానివల్ల ఒక మనిషి లోపలికి దిగే అవసరం రాదు.

కొల్లేటి గట్టు (మంగళవారం రాత్రి)

బాబూ, నీ మాట చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మా ఇంటి ట్యాంక్ ఎప్పుడు తీయించామో అని అమ్మని అడిగాను, గుర్తులేదంది. రేపే పిలిపిస్తున్నాను.

హంబోల్ట్ నుంచి (బుధవారం)

మాది ఏలూరే అండి, ఇప్పుడు కాలిఫోర్నియా ఉత్తరాన ఆర్కాటా అనే ఊళ్ళో ఉంటున్నా, జనాభా 18 వేలు ఉంటుందేమో. ఊరి మురుగంతా చివరికి పోయేది హంబోల్ట్ బే అనే ఉప్పునీటి కయ్యలోకి, కాలిఫోర్నియా ఆల్చిప్పల్లో ఎక్కువ భాగం పెరిగేది అందులోనే. 1974లో రాష్ట్రం ఇక మూసుకుపోయిన కయ్యల్లోకి మురుగు వదలకూడదు, వదిలితే ఆ నీళ్ళవల్ల కయ్యకి మేలు జరగాలి అని నిబంధన పెట్టింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిసి ఒక భారీ ప్లాంట్ కట్టి పైపులో సముద్రంలోకి తోలేద్దాం అన్నారు. ఈ ఊరు ఒప్పుకోలేదు. ఇక్కడి యూనివర్సిటీ చేపల ప్రొఫెసర్ జార్జ్ అలెన్, ఇంజినీరింగ్ ప్రొఫెసర్ రాబర్ట్ గేర్‌హార్ట్ ఇద్దరూ ఊరివాళ్ళతో కలిసి, జమ్ము తుంగ పెంచిన మడుగుల్లోంచి నీళ్ళు నడిపితే చాలని పట్టుబట్టారు, చిన్నగా చేసి చూపించి 1986కి మొత్తం ఊరి మురుగుని అలా తిప్పారు. పాత కలప మిల్లుల స్థలం, చెత్త పోసిన దిబ్బ కలిపి ఇప్పుడు అది 307 ఎకరాల పక్షుల మడుగు. పొద్దున్నే అక్కడ నడుస్తుంటే కొంగల్ని చూసి నాకు కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక గుర్తొస్తుంది.

ఇక్కడ మాత్రం అంతా బావుందని కాదు, గట్టి వాన పడితే ఆల్చిప్పలు తియ్యడం కొన్నాళ్ళు ఆపేయిస్తారు, సముద్రం పెరిగితే ఆ గట్లు ఎలా కాపాడాలా అని మీటింగులు జరుగుతూనే ఉన్నాయి. మనకీ అలా మడుగులు పెట్టుకుంటే కరెంటు బాధ ఉండదు కదా అనిపిస్తుంది.

ఉప్పుటేరు రైతు (బుధవారం రాత్రి)

తమ్ముడూ మంచి మాటే, కానీ మన డెల్టాలో అన్నేసి ఎకరాలు ఎవరిస్తారు? ఇచ్చినా బుడమేరు వాగు పొంగితే ఏంటి పరిస్థితి, 2024 సెప్టెంబర్‌లో విజయవాడ ముంచిన నీళ్ళు చివరికి మా మీదకే వచ్చాయి. మడుగు పొంగితే మురుగు ఊళ్ళోకొస్తుంది. పైగా మురుగు మడుగులో పెరిగేది బోదకాలు దోమ, మా తాతకి బోదకాలు ఉండేది, గోదావరి జిల్లాలవాళ్ళకి ఆ భయం ఎలాంటిదో చెప్పక్కర్లేదు.

మా చేప లారీలు హౌరా వెళ్తాయి, ఒకసారి లారీతో పాటే వెళ్ళి కలకత్తా తూర్పున ఉన్న భేరీలు, అంటే మురుగుతో చేప పెంచే చెరువులు చూశా. 12,500 హెక్టార్ల తడి నేల, అదీ మన కొల్లేరు లాగే 2002లో ప్రపంచంలో ముఖ్యమైన తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. నగరం మురుగుని లోతు తక్కువ చెరువుల్లోకి కొంచెం కొంచెంగా వదులుతారు, ఎండకి నాచు పుట్టి మలినం విరిగి అదే చేపకి మేతవుద్ది. గుర్రపుడెక్కని వాళ్ళు గట్టు కోతకి అడ్డంగా అంచున కట్టుకుంటారు, మనం దాన్ని తీయించడానికి టెండర్లు పిలుస్తాం. మడుగు పెట్టాలంటే వాళ్ళలాగా రోజూ తూము దగ్గర నిలబడే మనిషి ఉండాలి, లోతు తెలిసుండాలి, తోళ్ళ ఫ్యాక్టరీ నీళ్ళు కలవకూడదు. స్థలం ఉన్నచోట చిన్నగా, ప్లాంట్ తర్వాత ఆఖరి వడపోతగా పెడితే నేను ఒప్పుకుంటా. మొత్తం దాని మీదే అంటే ఒప్పుకోను.

హంబోల్ట్ నుంచి (గురువారం)

అన్నా, దోమ సంగతి నేను ఆలోచించలేదు. ఇక్కడ చలి కాబట్టి మనంత బాధ లేదు. ప్లాంట్ తర్వాత ఆఖరి వడపోత అన్నది సరైన మాట, నైట్రోజన్ ఫాస్ఫరస్ కొంత అక్కడ తగ్గుతుంది.

కొల్లేటి గట్టు (ఏడు వారాల తర్వాత)

ఇన్నాళ్ళూ రాయలేదు, క్షమించండి. సమాచార హక్కు జవాబు వచ్చింది. ల్యాబ్ మేడం గారు చెప్పినట్టే రెండూ అడిగాను. ఫలితాల కాగితంలో పన్నెండు నెలలూ బీఓడీ ఒకటే అంకె ఉంది, మోటార్ రిపేర్‌లో ఉన్న నెల్లో కూడా అదే. మీటర్ రీడింగ్ మాత్రం ఆ నెల్లో దాదాపు ఏమీ లేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మా వార్డు కౌన్సిలర్ గారికి చూపించాను, గొడవ పడలేదు, ఆవిడే కింద నుంచి పైదాకా రెండుసార్లు చదివారు. తర్వాత కౌన్సిల్ మీటింగులో ఆవిడ లేవనెత్తారు. గాలి కొట్టే రెండు బ్లోయర్లలో చిన్నదాన్ని 24 గంటలూ తిప్పుతున్నారు, వచ్చే మురుగుకి అది సరిపోతుందని ఇంజినీర్ గారు చెప్పారు. సెప్టిక్ బండ్లకి ప్లాంట్ పక్కనే ఒక గుంత కట్టిస్తామన్నారు, ఇంకా మొదలవలేదు, నేను వారం వారం అడుగుతున్నాను.

ఈరోజు పిల్లలతో కొలజాడీ పరీక్ష చేశాం. మొదటిసారి చేసినప్పుడు అరగంటైనా నల్లగా ఉంది. ఈరోజు 90 మిల్లీలీటర్ల దగ్గర గోధుమ రంగు బురద దిగింది, పైన నీళ్ళు కొంచెం మసగ్గా ఉన్నా వెలుతురు కనబడుతోంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అయితే ట్యాంకు నిండా తెల్లటి నురగ, సబ్బు నురగలా గట్టు దాటి పడుతోంది, ఆ కుర్రాడు భయపడి మోటార్ కట్టేస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

బ్లోయర్ రూమ్ (అదే రాత్రి)

మాస్టారూ కట్టెయ్యొద్దు, కట్టెయ్యొద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి! తెల్ల నురగ అంటే బ్యాక్టీరియా ఇంకా తక్కువుంది, కొత్తగా పెరుగుతోంది అని. కొత్త ప్లాంట్ మొదలెట్టినప్పుడు ప్రతిచోటా వస్తుంది. గొట్టంతో నీళ్ళు చిమ్మితే అణుగుతుంది. బురద బయటికి తియ్యడం మాత్రం ప్రస్తుతానికి ఆపమనండి, అది ట్యాంకులోకే తిరిగి రావాలి. 90 నుంచి 200 దాటేదాకా రోజూ అదే టైముకి కొలిచి నోట్‌బుక్‌లో రాయించండి. నురగ గోధుమ రంగులోకి తిరిగి జిగురుగా చిక్కగా మారితే అప్పుడు నాకు చెప్పండి, అది వేరే సంగతి.

ఉప్పుటేరు రైతు (మర్నాడు)

ఆ నోట్‌బుక్ అంకెలు రోజూ ఇక్కడ పెట్టండి మాస్టారూ. అవి చూసే నేను తూము ఎత్తుతా. ఈసారి పట్టుబడికి చెరువు ఖాళీ చేసేటప్పుడు అడుగు నీళ్ళు పక్క ఎకరంలో పది రోజులు నిలవబెట్టి వదులుతా, గట్టు కూడా వేయించా.